డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఒక కప్పు

కలకత్తా కప్పు ఫొటో ఎక్కడైనా కనిపిస్తే కాస్త ఆగి చూడండి. పాత్రకు పిడులు రెండు కాదు, మూడు. మూడూ రాచనాగులే. పాత్ర ఒంటినిండా సన్నటి చెక్కుడు పని. గుమ్మటం లాంటి మూత, దాని మీద అంబారీతో సహా ఏనుగు. వైస్రాయి ఏనుగుల్లో ఒకదాన్ని చూసి చేశారని చెబుతారు. మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లకు అటూ ఇటూ. ఇంత చిన్న చోట పాము ఒంటి మెలికా, ఏనుగు బరువూ రెండూ కళ్లకు కట్టించడం మన కంసాలికి వెన్నతో పెట్టిన విద్య.

ఆ వెండి ఎక్కడిదంటే, మూతబడ్డ ఒక క్లబ్బు బ్యాంకు ఖాతాలోది. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలోని ఇంగ్లండ్ వాళ్లు ఒకవైపు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు ఒకవైపు చేరి రగ్బీ ఆడారు. ఆ ఊపులో 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. బార్‌లో మందు ఉచితంగా పోసినంత కాలం సభ్యులు బాగానే వచ్చారు. ఉచితం ఆపేసరికి పలచబడ్డారు. పైగా మన ఎండల్లో రగ్బీ కంటే పోలో, టెన్నిస్ హాయి. 1877కల్లా క్లబ్బు చేతులెత్తేసింది. ఖాతాలో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసి, కరిగించి, కప్పు చేయించి లండన్‌లోని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌కు కానుకగా పంపారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసం ఆడుతున్నాయి. ఆ తొలి మ్యాచ్ డ్రా అయింది.

నేను రాయాలనుకున్నది ఈ కప్పు గురించి కాదు. కానీ దీని కథలోని ఒక ముక్క నాకు కావాలి. కలకత్తా వాళ్ల అసలు కోరిక వేరు. సాకర్‌లో ఎఫ్.ఎ. కప్పు ఉన్నట్టే రగ్బీ క్లబ్బులన్నీ దీని కోసం ఏటా పోటీ పడాలన్నది వాళ్ల ఆశ. యూనియన్ పెద్దలకు అది నచ్చలేదు. కప్పు కోసం క్లబ్బులు కొట్టుకుంటే పెద్దమనుషుల ఆట పాడవుతుందని వాళ్ల భయం. ఇంగ్లండ్ క్లబ్బులన్నిటికీ కలిపి ఒక కప్పు పోటీ రావడానికి 1971-72 దాకా ఆగాల్సి వచ్చింది. సుమారు వందేళ్లు!

తమాషా ఏమిటంటే, కలకత్తా నుంచి ఆ కోరికతో ఉత్తరం చేరే నాటికే లండన్‌లో కుర్రాళ్లు కప్పు పోటీ ఆడేస్తున్నారు. ఆట ఏమీ పాడవలేదు. ఆడేవాళ్లంతా వైద్య విద్యార్థులు. ఆ పోటీయే యునైటెడ్ హాస్పిటల్స్ కప్పు. 1874-75 సీజన్‌లో మొదలైంది. ప్రపంచంలోకెల్లా పాత రగ్బీ కప్పు పోటీగా పేరు. మొదటి కప్పు గైస్ ఆసుపత్రిది. నాకు ఇందులో పనితనం కనిపించేది వెండిలో కాదు, పోటీని అమర్చిన తీరులో. దాన్ని కూడా కంసాలి పనిని చూసినంత శ్రద్ధగా చూడాలి.

ముందు అప్పటి లండన్ వైద్య విద్య సంగతి. ఇప్పుడు మనకు మెడికల్ కాలేజీ అంటే దానికో బోధనాసుపత్రి ఉంటుంది. అక్కడ తలకిందులు: ఆసుపత్రి ముందు, కాలేజీ తర్వాత. బార్ట్స్ అని ముద్దుగా పిలిచే సెయింట్ బార్తలోమ్యూస్ 1123 నాటిది. సెయింట్ థామస్, గైస్, లండన్, మిడిల్‌సెక్స్, సెయింట్ జార్జెస్, సెయింట్ మేరీస్, వెస్ట్‌మినిస్టర్, చేరింగ్ క్రాస్, కింగ్స్, యూనివర్సిటీ కాలేజీ, ఇలా డజను దాకా ఆసుపత్రులు ఎవరి స్కూలు వాళ్లు నడుపుకునేవి. ఎవరి సర్జన్లు వాళ్లకు గొప్ప, ఎవరి గోడలు వాళ్లకు కోట. వైరాలు కూడా మామూలువి కావు. గైస్, సెయింట్ థామస్ ఆసుపత్రులు ఒకప్పుడు విద్యార్థులకు కలిసి పాఠం చెప్పేవి. 1825లో పేరుమోసిన సర్జన్ ఆస్ట్లీ కూపర్ తన ఉద్యోగానికి అన్న కొడుకు పేరు చెబితే సెయింట్ థామస్ వాళ్లు కుదరదన్నారు. ఆ పట్టుదలతో గైస్ వాళ్లు వేరు కుంపటి పెట్టుకున్నారు. యాభై ఏళ్ల తర్వాత ఆ రెండు ఆసుపత్రుల కుర్రాళ్లు ఒకరి మీదికొకరు దూకడానికి ఒక మైదానం దొరికితే, ఆ దూకుడులో ఎంత పాత లెక్క ఉందో ఊహించుకోవచ్చు.

రగ్బీ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తొచ్చు. పక్కవాడికి విసరొచ్చు, కాని ముందుకు కాదు, వెనక్కో పక్కకో. బంతి ఉన్నవాణ్ణి కబడ్డీలో కూతగాణ్ణి పట్టినట్టు నడుముకో కాళ్లకో చుట్టుకుని పడగొట్టొచ్చు. అవతలి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే అది ట్రై. ఆ రోజుల్లో ట్రై కొడితే ఏమీ రాదు, గోలు వైపు బంతిని తన్నడానికి ఒక అవకాశం వస్తుంది, అంతే. లెక్క అంతా గోల్స్‌దే. గోల్స్ సమానమైతే ట్రైలు చూడాలన్న నియమం 1875 ప్రాంతంలో వచ్చింది. పాయింట్లు అంతకంటే ఆలస్యం. అంటే ఆసుపత్రుల కప్పు పాయింట్ల పద్ధతి కంటే పాతది.

వైద్యులకూ ఈ ఆటకూ బంధం కూడా పాతదే, అందులో కొంచెం తిట్లూ ఉన్నాయి. 1870 చివర్లో రగ్బీ స్కూలు ఆటలో పిల్లల కాళ్లు విరుగుతున్నాయని, పరుగెత్తేవాడి పిక్కల మీద బూటుతో తన్నే ఆచారం దుర్మార్గమని 'ఒక సర్జన్' పేరుతో టైమ్స్ పత్రికలో ఉత్తరం వచ్చి పెద్ద దుమారం లేచింది. కొన్ని వారాలకే, 1871 జనవరి 26న, లండన్ పాల్‌మాల్ రెస్టారెంట్‌లో 21 క్లబ్బులు చేరి రగ్బీ యూనియన్ పెట్టుకున్నాయి. పిక్కల మీద తన్నడం నిషేధించాయి. ఆ 21 క్లబ్బుల్లో గైస్ ఆసుపత్రి ఒకటి. తమ క్లబ్బు 1843లోనే పుట్టిందని గైస్ వాళ్లు చెప్పుకుంటారు, గిన్నిస్ వాళ్లు ఒప్పుకున్నారు. 1854 నుంచి కాగితాలున్నది మాకేనని డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల వాదన. ఆ పంచాయితీ వాళ్లకే వదిలేద్దాం.

ఇక అమరిక సంగతి. కప్పు పోటీ పెట్టేవాళ్లకు సాధారణంగా ఒక ఆశ ఉంటుంది: పెంచాలి, ఇంకా పెంచాలి. వీళ్లు మొదటే గీత గీసేసుకున్నారు. లండన్ బోధనాసుపత్రుల విద్యార్థులు తప్ప బయటివాళ్లకు చోటు లేదు. ఓడితే ఇంటికి. డజను జట్లుంటే కప్పు గెలిచే జట్టుకైనా మూడు నాలుగు మ్యాచ్‌లతో పని అయిపోతుంది. ఓడిన జట్టుకు ఒక్క మధ్యాహ్నమే ఖర్చు. ఎందుకిలా అంటే ఆడేవాడికి మర్నాడు పొద్దున వార్డులో సర్జన్ వెనక నడవాల్సిన పని ఉంది. డ్రెస్సింగులు కట్టాలి, కేసు షీట్లు రాయాలి, పరీక్షలు వచ్చి మీద పడుతుంటాయి. లీగు పద్ధతిలో వారం వారం ఆడమంటే రెండేళ్లలో ఎత్తిపోయేది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య దొరికే ఖాళీ ఎంత ఉందో కొలుచుకుని, దానికి సరిపడా గుడ్డ కత్తిరించారు. మంచి దర్జీ చేసే మొదటి పని అదే.

రెండో పనితనం కంటికి ఆనదు. ఈ పోటీలో ఎవరూ పాతుకుపోలేరు. ఐదారేళ్లకు చదువైపోతుంది, హౌస్ జాబ్ అవుతుంది, ఊరు వదిలి ప్రాక్టీసు పెట్టుకోవాలి. ఎంత మొనగాడైనా జెర్సీ విప్పి తర్వాతివాడికి ఇవ్వాల్సిందే. విక్టోరియా కాలంలో పరీక్షలు తప్పుతూ ఏళ్ల తరబడి కాలేజీని పట్టుకు వేలాడే 'చిరంజీవి విద్యార్థులు' ఉండేవారు. అలాంటివాడు మంచి ఫార్వర్డ్ అయితే జట్టు అతను ఫెయిలవ్వాలనే కోరుకుని ఉంటుంది, అది వేరే సంగతి! రిచర్డ్ గోర్డన్ 1952లో రాసిన 'డాక్టర్ ఇన్ ది హౌస్' నవలలో సరిగ్గా అలాంటి గ్రిమ్స్‌డైక్ అనే పాత్ర ఉంది. చదువుకుంటున్నంత కాలం వారసత్వపు డబ్బు వస్తుంది గనుక అతనికి పాసయ్యే తొందర లేదు. 1954లో డర్క్ బోగార్డ్ హీరోగా వచ్చిన దాని సినిమాలో రగ్బీ మ్యాచ్ ఉంది, అవతలి ఆసుపత్రి వాళ్లు ఎత్తుకుపోయే గొరిల్లా బొమ్మ గొడవా ఉంది. ఆ ఏడాది బ్రిటన్‌లో ఎక్కువమంది చూసిన సినిమా అదే. ఆసుపత్రుల రగ్బీ అంటే ఏమిటో ప్రేక్షకులకు విడమర్చి చెప్పనక్కర లేకపోయింది.

మూడోది, ఈ చిన్న గీతలోకి అంత మంచి ఆటగాళ్లు ఎలా వచ్చారన్నది. దీనికి జవాబు రగ్బీలో లేదు, వైద్య విద్యలో ఉంది. వేల్స్‌లో పూర్తి వైద్య విద్య 1920లలో గాని దొరకలేదు. దక్షిణాఫ్రికాలోనూ దాదాపు అంతే. డాక్టరు కావాలనుకున్న వెల్ష్ కుర్రాడు లండన్ రైలెక్కాల్సిందే, రగ్బీని వెంట తెచ్చుకోవాల్సిందే. అలా గైస్‌కు వచ్చినవాడు అబర్‌డేర్‌కు చెందిన టెడ్డీ మోర్గన్.

1905 డిసెంబరు 16, కార్డిఫ్. న్యూజీలండ్ జట్టు బ్రిటన్‌లో అందర్నీ చితక్కొట్టి వేల్స్ ముందు నిలిచింది. వాళ్లు హాకా నృత్యం చేస్తే, జవాబుగా మోర్గన్ వెల్ష్ జాతీయ గీతం ఎత్తుకున్నాడని, మైదానమంతా అందుకుందని చెబుతారు. ఆ మ్యాచ్‌లో వచ్చిన ఒకే ఒక్క స్కోరును నిదానంగా చూడాలి. స్క్రమ్‌లో నుంచి, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు వంచి తోసుకునే గుంపులో నుంచి, బంతి బయటికొచ్చింది. స్క్రమ్ హాఫ్ డికీ ఓవెన్ కుడివైపుకు కదిలాడు. పెర్సీ బుష్, అతని వెనక మిగతా బ్యాక్స్ అటే పరుగందుకున్నారు. అవతలి జట్టు కాళ్లు కూడా అటే తిరిగాయి. అంతే, ఓవెన్ ఆగి, ఒళ్లు వెనక్కి తిప్పి ఎడమవైపుకు పొడుగాటి పాస్ విసిరాడు. అది క్లిఫ్ ప్రిచర్డ్‌కు పాదాల దగ్గర, చాలా కిందగా అందింది. పరుగు ఆపకుండానే వంగి ఎత్తుకున్నాడు. మీదికొచ్చినవాణ్ణి తన వైపు లాక్కుని రీస్ గేబ్‌కు ఇచ్చాడు. గేబ్ ఆఖరి కాపలాదారుణ్ణి తన మీదికి రప్పించుకుని, సరిగ్గా సమయానికి మోర్గన్‌కు వదిలాడు. మోర్గన్‌కు మిగిలింది ఎడమ మూల దాకా పరుగు. వేల్స్ 3, న్యూజీలండ్ 0. ఆ పర్యటనలో న్యూజీలండ్‌కు ఓటమి అదొక్కటే. తమ ఆటగాడు డీన్స్ కొట్టిన ట్రైని రిఫరీ ఇవ్వలేదని న్యూజీలండ్ వాళ్లు ఇప్పటికీ గొణుగుతారు.

ఇందులో నాకు నచ్చేది మోర్గన్ వేగం కాదు. అతను ఎడమ అంచున, ఎవరూ చూడని చోట, కుడివైపు జరుగుతున్న హడావిడికి లొంగకుండా తన చోటు వదలకుండా ఉండటం. అది తేలిక కాదు. ఆటంతా అటు పోతుంటే కాళ్లు వాటంతట అవే అటు లాగుతాయి. చూసే కన్ను ఒకచోట, చేసే చేయి ఇంకోచోట ఉండే పనిలో తర్ఫీదు పొందుతున్న కుర్రాడికి అది అబ్బిందనుకోవడం నా సరదా, రుజువేమీ అడక్కండి.

ఇక ఈ కప్పును అందరి కంటే గట్టిగా నమ్మినవాడు చార్ల్స్ విల్సన్. తర్వాత లార్డ్ మోరన్, చర్చిల్ సొంత వైద్యుడు. 1920 నుంచి 1945 దాకా సెయింట్ మేరీస్ మెడికల్ స్కూలు డీన్. మొదటి ప్రపంచ యుద్ధంలో రాయల్ ఫ్యుసిలియర్స్ పటాలంతో కందకాల్లో డాక్టరుగా ఉన్నాడు. మనిషిలో ధైర్యం బ్యాంకు సొమ్ము లాంటిది, యుద్ధం దాన్ని రోజురోజుకీ తీసేస్తుందని అక్కడ తేల్చుకున్నాడు. ఆ ఆలోచనే తర్వాత 'ది అనాటమీ ఆఫ్ కరేజ్' పుస్తకమైంది. డాక్టరుకు మార్కులతో పాటు గుండెనిబ్బరం కావాలి, అది పరీక్ష హాల్లో కనపడదు, మైదానంలో కనపడుతుంది. ఇదీ ఆయన సిద్ధాంతం. ఆటలో గట్టివాళ్లను వెతికి, స్కాలర్‌షిప్పులిచ్చి మరీ తెచ్చుకున్నాడు. ఇంటర్వ్యూలో కుర్రాడు తలుపు తీయగానే ఆయన రగ్బీ బంతి విసిరేవాడట. పట్టుకుంటే సీటు, తిరిగి ఆయనకే తన్నితే స్కాలర్‌షిప్పు. ఇది కాలేజీ క్యాంటీన్ కథ, కాని ఆయన్ను బాగా ఎరిగినవాళ్లు అల్లిన కథ.

ఆయన ఏరుకున్న కాలపు ఆణిముత్యం టప్పీ ఓవెన్-స్మిత్. మన క్రికెట్ పిచ్చివాళ్లకు పేరు తగలొచ్చు: 1929లో లీడ్స్ టెస్టులో ఇంగ్లండ్ మీద 129 కొట్టిన దక్షిణాఫ్రికా కుర్రాడు. ఆక్స్‌ఫర్డ్ చదువై, డాక్టరీకి సెయింట్ మేరీస్ చేరి, 1937లో ఇంగ్లండ్ రగ్బీ జట్టుకు కెప్టెనై ట్రిపుల్ క్రౌన్ (స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ మూడింటి మీదా గెలుపు) తెచ్చి, చదువయ్యాక స్వదేశం వెళ్లి వైద్యం చేసుకున్నాడు. రెండు ఆటల్లో అంత ఎత్తుకెళ్లినవాడు ఆఖరికి స్టెతస్కోపు మెడలో వేసుకోవడం ఈ కప్పు లోకంలో వింత కాదు.

సెయింట్ మేరీస్‌కు ఆటల గాలి మోరన్‌తోనే మొదలు కాలేదులెండి. 1901లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అక్కడ చేరడానికి కారణం, అంతకుముందు వాళ్ల జట్టుతో వాటర్ పోలో ఆడి ఉండటం. చదువయ్యాక అక్కడే ఉండిపోవడానికి కారణం, రైఫిల్ క్లబ్బుకు మంచి గురిగాడు అవసరం కావడం. 1928లో పెన్సిలిన్ ఆ ఇంట్లో బయటపడిందంటే దాని వెనక ఒక ఈత కొలనూ ఒక తుపాకీ క్లబ్బూ ఉన్నాయి.

మోరన్ పనిని మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. ఆ మైదానం కొలబద్దలో సగం మనుషులకు చోటే లేదు. మొదటి యుద్ధకాలంలో మగపిల్లలు తక్కువై, సెయింట్ మేరీస్‌తో సహా కొన్ని స్కూళ్లు ఆడపిల్లల్ని చేర్చుకున్నాయి. 1920లలో మళ్లీ తలుపు మూసేశాయి. ఆడపిల్లలు ఎక్కువైతే రగ్బీ జట్టు నీరసపడుతుందన్న వాదన కూడా అప్పుడు నిస్సిగ్గుగా వినిపించింది. ఎంత మంచి పనిముట్టయినా దాంతో కొలవకూడనివి కొలిస్తే జరిగేది ఇదే. కప్పు మొదలైన 1874లోనే సోఫియా జెక్స్-బ్లేక్ లండన్‌లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల పెట్టింది. దానికి వార్డుల తలుపు తెరిచింది రాయల్ ఫ్రీ ఆసుపత్రి. దాని పేరు ఇవాళ కప్పు ఆడే ఒక జట్టు పేరులో ఉంది.

సెయింట్ మేరీస్ నుంచి వచ్చిన చివరి మహా ఆటగాడు జె.పి.ఆర్. విలియమ్స్. వేల్స్ ఫుల్‌బ్యాక్. దిగజారిన సాక్సులు, చెంపల మీద దట్టమైన జుట్టు. 1971 ఆగస్టులో ఆక్లండ్‌లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ లయన్స్ న్యూజీలండ్‌తో నాలుగో టెస్టు ఆడుతున్నప్పుడు అతనింకా వైద్య విద్యార్థి. డ్రా అయినా చాలు, సిరీస్ లయన్స్‌దే. గోలుకు 45 మీటర్ల దూరంలో బంతి చేతికొచ్చింది. డ్రాప్ గోలు అంటే బంతిని చేతిలోంచి నేలకు వదిలి, తాకి లేచే ఆ క్షణంలోనే తన్నాలి. గుండ్రటి బంతి అయితే లేచే దిక్కు తెలుస్తుంది. ఇది కోడిగుడ్డు. మొన ఏ మాత్రం వంకరగా తగిలినా బంతి పక్కకు పోతుంది. తన్నాడు, గోలు కర్రల మధ్య నుంచి పోయింది, తిరిగి చూసి స్టాండ్‌లోని తమవాళ్లకు చేయి ఊపాడు. బస్సులో వస్తూ ఈ రోజు డ్రాప్ గోలు కొడతానని ముందే చెప్పాడట. టెస్టుల్లో అతను కొట్టిన డ్రాప్ గోలు అదొక్కటే. మ్యాచ్ 14-14. న్యూజీలండ్‌లో లయన్స్ గెలిచిన సిరీస్ ఇప్పటికీ అదొక్కటే.

1978లో బ్రిడ్జెండ్ తరఫున న్యూజీలండ్ మీద ఆడుతుంటే ఒకతని బూటు మేకులు అతని చెంపను చీల్చేశాయి. తండ్రి డాక్టరు. బయటికి తీసుకెళ్లి 30 కుట్లు వేశాడు. కొడుకు మళ్లీ మైదానంలోకి వచ్చాడు. అప్పటికే తను కూడా డాక్టరు, వద్దని తనకు తెలియనిదా! తర్వాత సొంత ఊళ్లో ఎముకల సర్జన్‌గా స్థిరపడి, 2024 జనవరిలో పోయాడు.

అలాంటివాళ్లు ఇక రారు. 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ డబ్బుల ఆటగా మారింది. జీతం తీసుకుని రోజంతా కండలు పెంచేవాడితో, రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడ్డవాడు పోటీ పడలేడు. ఆ ఒక్క దెబ్బకే పోటీ చాప చుట్టేయాల్సింది. దానికి తోడు ఆడే జట్లే మాయం కావడం మొదలైంది. 1995లో బార్ట్స్, లండన్ ఒకటయ్యాయి. 1997లో చేరింగ్ క్రాస్, వెస్ట్‌మినిస్టర్ వెళ్లి ఇంపీరియల్ కాలేజీలో ఉన్న సెయింట్ మేరీస్ పక్కన చేరాయి. 1998లో కింగ్స్ కూడా కలిసి గైస్, కింగ్స్, సెయింట్ థామస్ ఒకే కొంపయ్యాయి. 1825లో విడిపోయిన గైస్, థామస్ అన్నదమ్ములు అప్పటికే, 1982లోనే, చేతులు కలిపేశారు. రాయల్ ఫ్రీ, యూనివర్సిటీ కాలేజీ, మిడిల్‌సెక్స్ ఒక గూటికి చేరాయి.

ఇక్కడే మొదట గీసిన గీత విలువ తెలుస్తుంది. బయటి లోకంతో ఎన్నడూ పోల్చుకోని పోటీకి, బయటి లోకం బలిస్తే వచ్చే నష్టం లేదు. ఆటగాళ్లు ఎప్పుడూ విద్యార్థులే, ఇప్పుడూ విద్యార్థులే. జట్లు తగ్గాయి గనుక మ్యాచ్‌లు తగ్గాయి, వెసులుబాటు పెరిగింది. ఖాళీ చోట్లోకి రాయల్ వెటర్నరీ కాలేజీని, అంటే పశువైద్య విద్యార్థుల్ని, పిలిచి కూర్చోబెట్టారు. పాత ఇంటి దూలాలు పీకకుండా గదుల మధ్య గోడలు తీసినట్టు చేశారు ఈ మరమ్మతు. నన్నడిగితే మొదటి కట్టడం కంటే ఈ మరమ్మతే గొప్ప పని.

ఇవాళ కప్పు ఆడేవి ఆరు జట్లు: గైస్-కింగ్స్-సెయింట్ థామస్, బార్ట్స్ అండ్ ది లండన్, ఇంపీరియల్ మెడికల్స్, రాయల్ ఫ్రీ-యూనివర్సిటీ కాలేజీ-మిడిల్‌సెక్స్ కలిసిన రమ్స్, సెయింట్ జార్జెస్, రాయల్ వెటర్నరీ. లండన్ ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు డాక్టర్లు తక్కువేం కాదు, వాళ్ల పిల్లలు కొందరు ఈ కాలేజీల్లోనే చదువుతున్నారు. మీవాళ్లెవరైనా అక్కడుంటే చలికాలంలో ఒక మధ్యాహ్నం వీలు చూసుకుని మ్యాచ్‌కి వెళ్లమనండి. గొడుగు మరిచిపోవద్దనండి.